వైద్య శిబిరం అయ్యాక ఆ మనిషి ఎక్కడికి వెళ్లాలి?

(ఉదయగిరి ప్రాంతపు పల్లెల్లో ఉచిత ఆరోగ్య పరీక్షలు చేయడానికి ముందుకొచ్చిన మెడికల్, నర్సింగ్, ఫార్మసీ, డిగ్రీ విద్యార్థులకు నెల్లూరులో జరిగిన శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యురాలు చేసిన ప్రసంగం)

పిల్లలూ, అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే.

మీరు వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురం, మర్రిపాడు వైపు ఊళ్లకు వెళ్తున్నారు. నా సర్వీసులో ఎక్కువ భాగం ఆ మెట్ట ప్రాంతపు పీహెచ్‌సీల్లోనే, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే గడిచింది, అందుకే ఈ నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. సేవ ఎంత గొప్పదో చెప్పడానికి నేను రాలేదు. సెలవు రోజు మానుకుని ఇక్కడికి వచ్చినవాళ్లకు ఆ మాట ఒకరు చెప్పక్కర్లేదు. మిమ్మల్ని ఒక ప్రశ్న మాత్రం అడుగుతాను. మీరు ఒకామెకు బీపీ చూశారు. పై అంకె 170 వచ్చింది. చీటీ మీద రాసి చేతిలో పెట్టారు. ఆ చీటీ పట్టుకుని ఆమె ఎక్కడికి వెళ్లాలి? ఏ రోజు వెళ్లాలి? వెళ్తే అక్కడ మందు ఉంటుందా? నెల తర్వాత ఆ మందు అయిపోతే మళ్లీ ఎవరిస్తారు? వీటికి జవాబులు చేతిలో పెట్టుకునే మీరు బస్సెక్కాలి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మాట కాదు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు, జనంలోకి వెళ్లి జబ్బులు వెతకాలంటే ఏమేం ఉండాలో పది సూత్రాలుగా రాసిపెట్టారు. దొరికిన జబ్బుకు వైద్యం ఉండాలి, ఆ వైద్యం జనానికి అందుబాటులో ఉండాలి అన్నవి అందులో ఉన్నాయి. చివరి సూత్రం ఏంటంటే, ఈ వెతకడం ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు, సాగుతూనే ఉండాలి. ఇన్నేళ్లయినా మన క్యాంపులు ఎక్కువగా తప్పుతున్నది ఆ చివరి సూత్రం దగ్గరే.

లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లలో దాదాపు 18 కోట్ల 80 లక్షల మందికి బీపీ ఉంది. తమకు ఉందని తెలిసినవాళ్లు వాళ్లలో సుమారు 37 శాతం. మందు వాడి అదుపులో పెట్టుకున్నవాళ్లు 15 శాతమే. తెలియనివాళ్లకు తెలియజేయడం క్యాంపు చేయగలదు. తెలిసినవాళ్లలో సగం మందికి పైగా అదుపులో లేకుండా ఎందుకు ఉండిపోతున్నారన్నదే నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి. వాళ్లకు మిషన్ కట్టి చూసినవాళ్లున్నారు, వెంట నిలబడినవాళ్లే లేరు.

కాబట్టి మీ మొదటి ప్రయాణం ఊళ్లోకి కాదు, పీహెచ్‌సీకి. అక్కడి మెడికల్ ఆఫీసర్‌ను కలవండి. ఆ ఊరిని చూసుకునే నర్సు, అంటే ఏఎన్‌ఎం ఎవరు, ఆశా కార్యకర్త ఎవరు, విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (అక్కడ వైద్యం చూసే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) ఏయే రోజులు ఉంటారు, ఊళ్లకు తిరిగే వైద్య వాహనం 104 బండి నెలలో ఏ తేదీన వస్తుంది, ఇవన్నీ రాసుకోండి. ఫార్మసిస్టును అడిగి బీపీ మందులు అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఎంత స్టాకుందో కనుక్కోండి. మీరు ఒక్కరోజులో పాతికమందిని కొత్తగా పంపిస్తే ఆ స్టాకు చాలదు, ముందే చెబితే వాళ్లు ఇండెంట్ పెట్టి తెప్పించుకుంటారు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్ చూడటం, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల లక్షణాలు గమనించడం ఇప్పటికే ప్రభుత్వ కార్యక్రమం. ఏఎన్‌ఎం నెత్తిన ఆ బరువు ఉంది. మీరు వెళ్లేది ఆ బరువు కొంత పంచుకోవడానికి. మీరు చూసిన లెక్కలు ఆమె రికార్డులోకి ఎక్కాలి. మీ కాలేజీ ఫైల్లో ఉండే జాబితా ఆ ఊరివాళ్లకు దేనికీ పనికిరాదు.

ఇక టైము, చోటు. పొద్దున పది గంటలకు హైస్కూలు వరండాలో బ్యానర్ కట్టి కూర్చుంటే ఎవరొస్తారో నేను ఇప్పుడే చెప్పగలను. ఇంటిపట్టున ఉండే పెద్దవాళ్లు వస్తారు, నెలకోసారి టౌన్లో డాక్టరుకు చూపించుకునేవాళ్లు మరోసారి చూపించుకుందామని వస్తారు. కూలికి పోయేవాళ్లు ఆరింటికే ఆటో ఎక్కి ఉంటారు. మీరు వెతుకుతున్నది వాళ్లనే. ఉపాధి పని జరిగే చోటికి వెళ్లండి, ఫీల్డ్ అసిస్టెంటుతో ముందురోజే మాట్లాడుకోండి, పని మొదలయ్యే ముందే మీరు అక్కడ ఉండండి. లేకపోతే సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. ఊరి మధ్య బడిలో పెట్టిన క్యాంపుకు ఎస్సీ కాలనీ నుంచి, చెరువు కట్ట దిగువన ఉండే యానాది గిరిజనుల ఇళ్ల నుంచి రావడం తక్కువ. రమ్మని మైకులో చెబితే సరిపోదు. మన జిల్లాలో యానాదుల జనాభా ఎక్కువ, అయినా క్యాంపు రిజిస్టర్లలో వాళ్ల పేర్లు కనబడవు. మొదటి టేబుల్ అక్కడే వేయండి, మిగతా ఊరివాళ్లే అక్కడికి నడిచి వస్తారు.

బీపీ చూడటం అందరికీ వచ్చని అనుకుంటారు. ఒక ముసలామెను ఊహించుకోండి. ఎండలో నడిచి వచ్చింది. వచ్చేముందు టీ తాగింది. అరుగు మీద కాళ్లు వేలాడేసి కూర్చుంది. వరసలో వెనక పదిమంది ఉన్నారు కదా అని మీరు జాకెట్ చెయ్యి పైకి బిగించి, దానికింద కఫ్, అంటే మిషన్ పట్టీ, కట్టి మీట నొక్కారు. చెయ్యి కిందికి వేలాడుతోంది. పక్కనున్నావిడతో ఆమె మాట్లాడుతూనే ఉంది. 168 వచ్చింది. ఆమెనే కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద పెట్టించి, అయిదు నిమిషాలు మాట లేకుండా కూర్చోబెట్టి చూస్తే 140 లోపు రావచ్చు. టీ, చుట్ట, బీడీ అయితే అరగంట ఆగాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. కఫ్ సైజు కూడా గమనించండి. లావు చేతికి చిన్న కఫ్ కడితే ఎక్కువ చూపిస్తుంది. బక్కచిక్కిన చేతికి పెద్ద కఫ్ కడితే తక్కువ చూపిస్తుంది. కష్టం చేసి చిక్కిపోయిన చేతులే అక్కడ ఎక్కువ, అందుకని చిన్న కఫ్ తప్పకుండా తీసుకెళ్లండి.

లేని బీపీ ఉందని చెబితే ఏమవుతుందనుకుంటున్నారు? ఆ ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. కొడుకు అప్పు చేసి అద్దె కారు మాట్లాడి నెల్లూరుకు తీసుకొస్తాడు. అక్కడ టెస్టుల బిల్లు ఎంతో మీకు తెలుసు. ఉన్న బీపీ లేదని చెబితే, "క్యాంపులో చూశారు, బాగుందన్నారు" అని ఆమె ఇక ఎప్పటికీ చూపించుకోదు. అందుకే గంటకు ఎంతమందిని చూశామన్న పోటీ మీలో వద్దు. ముప్పైమందిని సరిగ్గా చూసిన రోజు మంచి రోజు.

షుగర్ సంగతి కొంచెం. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు ఎండకు పాడవుతాయి. డబ్బా మీద ముప్పై డిగ్రీలలోపు ఉంచమని రాసి ఉంటుంది, మన ఎండలు మీకు తెలియనివి కావు. కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, మూత తీసి వదిలేయకండి. చేతులు సబ్బుతో కడిగించి, తుడిపించి, అప్పుడు గుచ్చండి. మామిడిపండు తిన్న వేలి నుంచి తీసిన చుక్క అబద్ధం చెబుతుంది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ, ఆ చేత్తో ఆమె మళ్లీ కలుపు తీయాలి కదా. "ఫాస్టింగా?" అని అడగకండి, చివరిసారి ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు అని అడిగి రాసుకోండి. టీ తాగినా, "ఏమీ తినలేదు" అంటారు, వాళ్ల లెక్కలో టీ తిండి కాదు. ఏ వేళలో చూసినా 140 దాటితే పరగడుపున మళ్లీ చూడటానికి పంపాలి. పరగడుపున 126, ఆపైన వస్తే దాన్ని మరో రోజు నిర్ధారించేది డాక్టరు. "నీకు షుగరుంది" అన్న మాట మీ నోట రాకూడదు. "ఈరోజు ఇంత వచ్చింది, ఇంకోసారి పరగడుపున చూడాలి" అనండి. గుచ్చిన సూది ఒకరికి ఒకటే, గుచ్చగానే తెల్లటి గట్టి డబ్బాలోకి వెళ్లాలి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి. ఆ డబ్బా, ఆ సంచి మీతోనే పీహెచ్‌సీకి తిరిగి రావాలి. బడి వెనక కంపచెట్లలో ఒక్క సూది కనబడినా, మర్నాడు చెప్పుల్లేకుండా ఆడుకునే పిల్లల సంగతి ఆలోచించండి.

ఇప్పుడు మన ప్రాంతపు జబ్బు గురించి చెబుతాను. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే బీపీ, షుగర్ చూసే క్యాంపు దేశంలో ఎక్కడైనా జరుగుతుంది, ఇది మాత్రం మీరు చూడకపోతే ఎవరూ చూడరు. ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లను, ఎముకలను దెబ్బతీసే జబ్బు. 1930లలో మన రైతులే దీన్ని ముందు గమనించారు, అదీ ఎద్దుల్లో. దుక్కి దున్నే ఎద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోయేవి. ఆ తర్వాత మనుషుల్లో చూశారు. 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద వ్యాసం వచ్చింది. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బును వర్ణించిన తొలి వ్యాసాల్లో అది ఒకటి. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, 1970లో ఏర్పడింది. ఇప్పటి కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లావే. 2008-09లో కేంద్రం జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో తీసుకున్న అయిదు జిల్లాల్లో మనది ఒకటి. ఇంత చరిత్ర ఉన్న జబ్బు మీద మన పిల్లలకే అవగాహన లేకపోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

పరీక్షకు మిషన్ అక్కర్లేదు. మోకాళ్లు వంచకుండా వంగి కాలి వేళ్లు అందుకోమనండి. గడ్డం ఛాతీకి ఆనించమనండి. రెండు చేతులూ తల వెనక్కి పెట్టుకోమనండి. ఈ మూడింటిలో ఏది చేయలేకపోయినా, ఆ ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే, పేరు రాసుకోండి. వయసు మీద పడి కూడా నడుం పట్టేయవచ్చు, కాబట్టి తేల్చేది డాక్టరే. పళ్లు చూసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. పసుపు, గోధుమరంగు చారలు పన్ను బయటికి వచ్చాక పట్టేవి కావు, పన్ను లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, తాగిన నీళ్ల వల్ల వస్తాయి. పెద్దయ్యాక ఆ ఊరికి కాపురానికి వచ్చిన కోడలి పళ్లు తెల్లగానే ఉంటాయి, ఎముకలు మాత్రం దెబ్బతినవచ్చు. అదే పిల్లల పళ్లు చూస్తే ఊరి నీళ్ల కథ తెలుస్తుంది. పదిహేనేళ్లవాళ్లకు చారలుండి, ఎనిమిది తొమ్మిదేళ్లవాళ్లకు ముందు పళ్లు శుభ్రంగా ఉంటే నీళ్లు మారాయని అర్థం. చిన్నవాళ్లకూ ఉన్నాయంటే, ఊళ్లో నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు పెట్టినా ఆ ఇళ్లవాళ్లు ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారని అనుమానించాలి. ఆ జాబితా తీసుకెళ్లి గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్లకివ్వండి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదన్నది మన దేశపు ప్రమాణం, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు. నీళ్లు కాచి తాగమని మాత్రం పొరపాటున కూడా చెప్పకండి. కాస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

దీని వెనకే ఇంకో ప్రమాదం ఉంది. కీళ్లు పట్టేసిన మనిషి కూలికి వెళ్లాలంటే ఏం చేస్తాడు? పొద్దున్నే ఒక నొప్పి బిళ్ల వేసుకుంటాడు. మెడికల్ షాపులో పేరు కూడా అడగడు, "నొప్పులకు ఇయ్యి" అంటాడు, కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. ఏళ్ల తరబడి రోజూ ఆ బిళ్లలు మింగేవాళ్లు మెట్టలో ఇంటికొకరు ఉన్నారంటే నేను నమ్ముతాను. ఆ బిళ్లలు బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఆ మనిషికి మీరు బీపీ చూసి, 160 ఉందని రాసి, బీపీ మందుకు పంపిస్తే సగం పనే అయినట్టు. కాబట్టి ప్రతి ఒక్కరినీ అడగండి: "నొప్పులకు ఏమన్నా వాడుతున్నారా? ఆ పొట్లం ఉంటే తెచ్చి చూపిస్తారా?" చీటీ మీద ఆ సంగతి రాయండి. అలాంటివాళ్లకు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష, మూత్ర పరీక్ష కావాలని పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పండి. నాకు మీరు ఈ ఒక్క ప్రశ్న అడిగి వచ్చినా చాలు.

రక్తహీనత మీద పని మీలో ఆడపిల్లలు బాగా చేయగలరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే, గర్భిణికైతే 11 కంటే తగ్గితే, రక్తహీనత కింద లెక్క. ఐరన్ బిళ్లలు ఇళ్లలో ఉంటాయి, దేవుడి పటం వెనకో బియ్యం డబ్బా మీదో. మింగరు. మలం నల్లగా వస్తుందని భయం, కడుపులో తిప్పుతుందని భయం. నలుపు ప్రమాదం కాదని, అన్నం తిన్న తర్వాత వేసుకోవచ్చని, టీతో మాత్రం వేసుకోవద్దని కూర్చుని చెప్పేవాళ్లు కావాలి. కళ్లు చూడటం తేలికే. ఆరు మీటర్ల దూరంలో చార్టు పెట్టాలి, చదువురానివాళ్లకు ఇంగ్లిష్ E అక్షరాన్ని నాలుగు వైపులా తిప్పి వేసిన చార్టు. నలభై దాటినవాళ్లను "బియ్యంలో రాళ్లు కనబడుతున్నాయా" అని అడిగితే దగ్గరచూపు సంగతి వాళ్లే చెబుతారు. పొగాకు పండించే ఊళ్లలో, చుట్టలు, గుట్కా వాడేవాళ్లుంటే నోరు తెరిపించి టార్చ్ వేసి చూడండి. తెల్లమచ్చ, మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం కనబడితే డెంటల్ విభాగానికి. రెండు వారాలు దాటిన దగ్గుంటే కళ్లె పరీక్షకు.

మందులు మీరు ఇవ్వకండి. శాంపిల్ బిళ్లలు ఎవరైనా దానం ఇస్తామన్నా తీసుకోకండి. వారం రోజులు మింగి ఆపేసే బీపీ మందుతో ఉపయోగం లేదు. ఒకవేళ బీపీ పై అంకె 180, కింది అంకె 120 దాటి ఉండి, గుండెల్లో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం ఉంటే వరస ఆపేసి 108కి ఫోన్ చేయండి. షుగర్ 70 కన్నా తగ్గి చెమటలు పడుతుంటే, స్పృహ ఉంటే, వెంటనే చక్కెర నీళ్లు తాగించండి.

మర్యాద గురించి ఒక మాట. మన నెల్లూరు ప్రజావైద్యశాలలో డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి గారు, జనం డాక్టర్ రామ్ అని పిలుచుకున్న ఆయన, పేదవాడికి తక్కువ ఖర్చులో వైద్యం అందించడాన్నే జీవితంగా పెట్టుకున్నారు. మన జిల్లాలో అలాంటి వారసత్వం ఉంది. ఉచితంగా చేస్తున్నాం కదా అని ఒక మెట్టు పైన నిలబడి మాట్లాడకండి. "అవ్వా", "పెద్దాయనా" అని పిలిచి, కూర్చోబెట్టి మాట్లాడండి. "320 షుగర్!" అని పక్క టేబుల్‌కు వినబడేలా అరవకండి, ఆ ఊళ్లో పెళ్లికి ఉన్న పిల్ల తండ్రి కావచ్చు ఆయన. ఆడవాళ్లకు చీరైనా అడ్డం కట్టి వేరే చోటు ఏర్పాటు చేయండి. వేలికి సూది గుచ్చుతున్న ఫోటోలు తీసి స్టేటస్‌లు పెట్టకండి. ఒక ఊళ్లో ఒకామె నాతో అన్న మాట ఇది: "పోయిన తూరి ఎవురో వచ్చి నెత్తురు తీసుకోని పోయినారు డాక్టరమ్మా, ఏమైందో చెప్పనే లేదు." ఆమె కోపంగా అనలేదు. అది వాళ్లకు అలవాటైపోయింది, నా బాధంతా అక్కడే.

చివరగా రెండో ప్రయాణం. క్యాంపు తర్వాత వారంలోపు ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, పంపినవాళ్లలో ఎవరెవరు పీహెచ్‌సీకి వెళ్లారో అడగండి. వెళ్లనివాళ్ల ఇంటికి ఎందుకు వెళ్లలేదో తెలుసుకోవడానికి వెళ్లండి. ఆటోకు డబ్బుల్లేకపోవచ్చు, ఆరోజు కూలి పోతుందని కావచ్చు, తోడు లేకపోవచ్చు. 104 వచ్చే తేదీ చెబితే సగం సమస్య తీరుతుంది. ఆరు వారాలకు మీరే మళ్లీ ఆ ఊరు వెళ్లి వాళ్లందరికీ బీపీ చూడండి. "నాకేం కాలా, బాగానే ఉండా. బిళ్లలు అయిపోయినాయి, ఇంకెందుకులే అని ఊరుకున్నా" అనేవాళ్లు కనబడతారు. బాగుండటం ఆ బిళ్ల వల్లేనని వాళ్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆ మాట మీరు చెప్పాలి, వాళ్ల గుమ్మంలో కూర్చుని, వాళ్ల కొడుకో కోడలో వినేలా.

ఇప్పుడు ప్రతి టీమ్‌కూ ఒక కాగితం ఇస్తున్నాను. అందులో మొదటి తేదీకి, రెండో తేదీకి రెండింటికీ గడులున్నాయి. రెండూ రాసి, ఆ రోజు ఎవరెవరు వెళ్తారో పేర్లు వేసి ఇవ్వండి. సెమిస్టర్ పరీక్షలు అడ్డొస్తాయనుకుంటే మొదటి తేదీనే పరీక్షల తర్వాతకు జరుపుకోండి, ఎవరూ ఏమీ అనరు. రెండో తేదీ ఖాళీగా ఉన్న కాగితం మాత్రం నేను తీసుకోను.

ఏమన్నా అడగాలనుకుంటే అడగండి.